పసుపు జెండా

 

ఈ శీర్షికలో సాధారణంగా నమాజు, జకాతు, వారసత్వపు హక్కులు, తల్లిదండ్రుల సేవ మొదలైన విషయాలను ముచ్చటించుకుంటూ ఉంటాము. ఈ నెల కార్ల పందెపు మైదానాన్ని గురించి వ్రాయబోతున్నానంటే మీలో కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చు. యాభై ఏళ్లు దాటిన ఒక మదర్సా ఉపాధ్యాయునికి ఆ మైదానంతో ఏమి పని అని కూడా అనిపించవచ్చు. నన్ను అక్కడికి తీసుకువెళ్లింది వినోదం మీది కోరిక కాదు. నా ఇంట్లో తలెత్తిన ఒక తగాదా, నా మనస్సులో రెండేళ్లుగా మానని ఒక గాయం నన్ను అక్కడికి చేర్చాయి. రెండింటినీ దాచకుండా మీ ముందు ఉంచుతాను.

ముందు తగాదా సంగతి చెబుతాను. మా చిన్నబ్బాయికి పదిహేడేళ్లు. డిప్లొమా చదువుతున్నాడు. యంత్రాలంటే వాడికి ప్రాణం. ఒక ఆదివారం తాడేపల్లిగూడెంలో బంధువుల ఇంటికని వెళ్లినవాడు, అక్కడి పాత విమానాల పట్టీ మీద స్నేహితుని మోటారు సైకిలుతో పందెం వేశాడని నాకు కబురు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వారు నిర్మించిన ఆ పట్టీని మీలో చాలామంది చూసే ఉంటారు. యుద్ధం ముగిసింది, విమానాలు వెళ్లిపోయాయి, నేల మాత్రం మిగిలింది. ఉదయం పూట వృద్ధులు నడకకు వెళ్లే చోటు అది. అక్కడ మా వాడు నెత్తిన హెల్మెట్ కూడా లేకుండా బండి ఉరికించాడట.

ఇంటికి రాగానే నిలదీశాను. కోపంలో నోటికి వచ్చినదంతా అన్నాను. చివరికి, "పందెం అంటేనే హరామ్" అని తీర్పు కూడా చెప్పేశాను. వాడు తల వంచుకుని విన్నాడు. ఆఖరున ఒకే ఒక్క మాట అడిగాడు: "అబ్బా! ఇబ్నె ఉమర్ (ర) గుర్రప్పందెంలో పాల్గొన్నారని మాకు చెప్పింది మీరే కదా?"

నేను నిరుత్తరుణ్ణి అయ్యాను. ముప్పై ఏళ్లుగా హదీసులు బోధిస్తున్న నేను, కన్నకొడుకు ముందు కోపంలో శరీఅతును నా ఇష్టానికి కుదించి చెప్పాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోపం పైకి కనిపించిన కారణం మాత్రమే. దాని క్రింద భయం ఉంది. ఆ భయానికి రెండేళ్ల చరిత్ర ఉంది.

రెండేళ్ల క్రితం మా మహల్లాకు చెందిన ఒక సోదరుడు తన కుమారునికి కొత్త మోటారు సైకిలు కొన్నాడు. ఆ పిల్లవాడు నా శిష్యుడు. దివ్యఖుర్ఆన్ ముప్పయ్యవ భాగాన్ని నా దగ్గరే కంఠస్థం చేశాడు. పరుగెత్తే గుర్రాలపై ప్రమాణంతో మొదలయ్యే ఆదియాత్ సూరాను అంత శ్రావ్యంగా పఠించిన పిల్లవాడు నా తరగతిలో మరొకడు లేడు. బండి కొన్న రోజున తండ్రి నన్ను పిలిచాడు. "మౌల్వీ సాబ్, దుఆ చేయండి" అన్నాడు. దుఆ చేశాను. పెట్టిన మిఠాయి తిన్నాను. పిల్లవాడికి పద్దెనిమిదేళ్లు నిండలేదని నాకు తెలుసు. లైసెన్సు లేదని కూడా తెలుసు. శుభకార్యం వేళ అడ్డుమాట ఎందుకని మౌనంగా ఉండిపోయాను.

ఆ ఏడాది షబె బరాత్ రాత్రి, షాబాన్ పదిహేనవ రాత్రి, పెద్దలందరూ మస్జిదులో ఉన్నారు. కొందరు ఖబ్రస్తానుకు వెళ్లి మరణించిన వారి కొరకు దుఆ చేస్తున్నారు. మా పిల్లలు కొందరు జాతీయ రహదారి మీద బండ్ల పందెం వేసుకున్నారు. భీమడోలు వైపు చీకట్లో ఆగి ఉన్న లారీని నా శిష్యుని బండి ఢీకొన్నది. జనాజా నమాజు నేనే చదివించాను. ఆ తర్వాత పరామర్శకు వెళ్లినప్పుడు వాళ్ల ఇంటి గోడకు కొత్త హెల్మెట్ మేకుకు వ్రేలాడుతూ కనిపించింది. దానిపై ప్లాస్టిక్ కాగితం కూడా తీయలేదు. తండ్రి నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే నా మనస్సు కొంత తేలికపడేదేమో.

ఇదీ నా భయం. ఇక మైదానం దగ్గరకు వస్తాను.

మా పెద్దమ్మాయి కాపురం చెన్నైలో. అల్లుడు కార్ల విడిభాగాల కర్మాగారంలో పనిచేస్తాడు. శీతాకాలపు సెలవులలో కుటుంబమంతా అక్కడికి వెళ్లినప్పుడు అతనికి ఈ తగాదా సంగతి తెలిసింది. అతను మెల్లగా అన్నాడు: "మామా, ఒక్కపూట నాతో రండి. పందెం అంటే ఏమిటో మీరూ చూడండి, తమ్ముడూ చూస్తాడు. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవచ్చు." నాకు ఇష్టం లేకపోయినా అతని మాటలోని మర్యాదకు కట్టుబడి సరేనన్నాను.

చెన్నై నుంచి బెంగళూరు వెళ్లే రహదారిలో, శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టై అనే చోట ఉన్నది ఆ మైదానం. దక్షిణ భారతంలో పేరుగాంచిన పందెపు బాట. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దీనిని నిర్మించింది. 1990 నుంచి ఇక్కడ పందేలు జరుగుతున్నాయి. చుట్టు పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. మేము వెళ్లిన రోజున కార్లకూ మోటారు సైకిళ్లకూ వేర్వేరుగా పందేలు ఉన్నాయి. పోటీదారులలో యువతులు కూడా ఉన్నారు.

మెట్ల మీద కూర్చున్నాము. కార్లు ఎదుటనుంచి దూసుకుపోతుంటే గుండెలు అదిరాయి. మనుమరాలు చెవులు మూసుకుని తల్లి ఒడిలో దూరింది. మా ఇంట్లో ఆవిడ కాసేపు శ్రద్ధగా చూసి, "ఇంత ఆర్భాటంగా తిరిగి తిరిగి చివరికి బయలుదేరిన చోటికే వస్తున్నారేమిటి?" అని అడిగింది. అందరమూ నవ్వుకున్నాము. ఆ మాట నాలో మాత్రం నిలిచిపోయింది. మనమందరం ఎవరి వద్దనుంచి వచ్చామో ఆయన వద్దకే మరలి పోవలసిన వాళ్లమే కదా. ఎంత వేగంగా తిరిగినా ఆ గమ్యం మారదు.

జుహర్ నమాజు వేళయింది. చోటు కోసం వెదుకుతుంటే జెండాలు పట్టుకుని విధి ముగించుకుని వస్తున్న ఒక యువకుడు కనిపించాడు. నెల్లూరు వైపు మనిషి, తెలుగువాడు. పందేల రోజులలో జీతం ఆశించక సేవచేసే స్వచ్ఛంద కార్యకర్తలలో ఒకడు. వాళ్లను మార్షల్స్ అంటారట. షెడ్డు వెనుక నీడపట్టు చూపించాడు. నమాజు ముగిసేదాకా అక్కడే దూరంగా నిలబడ్డాడు. ఆ తర్వాత మా అబ్బాయి అడిగిన ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెప్పాడు. నేను ప్రక్కన కూర్చుని శిష్యునిలా విన్నాను.

పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉన్నదని అర్థమట. వేగం తగ్గించాలి, ఆ భాగంలో ఎవరినీ దాటకూడదు. ఎర్ర జెండా అయితే పందెమే నిలిచిపోతుంది. నీలి జెండా చూపితే వెనుకనుంచి వేగవంతుడు వస్తున్నాడు, దారి ఇవ్వమని. గళ్ల జెండాతో పందెం ముగుస్తుంది. "పసుపు జెండా ఊపాక కూడా ఎవరైనా దాటితే?" అని మా వాడు అడిగాడు. "శిక్ష పడుతుంది తమ్ముడూ. ముందు వచ్చినా వెనక్కి నెట్టేస్తారు" అన్నాడు ఆ యువకుడు.

ఇంకా చాలా చెప్పాడు. పందేనికి ముందు ప్రతి వాహనాన్నీ, ప్రతి హెల్మెట్‌నూ, ఒంటిమీది దుస్తులనూ తనిఖీ చేస్తారు. లైసెన్సు లేనివాడు బాట మీద కాలు పెట్టలేడు. అందరూ ఒకే దిశలో వెళ్తారు, ఎదురుగా వచ్చేవాడు ఉండడు. బాట ప్రక్కన కారు అదుపు తప్పినా ఆగేందుకు ఖాళీ నేల, టైర్ల గోడలు ఉంటాయి. అంబులెన్సు, వైద్యులు సిద్ధంగా లేకుంటే పందెం మొదలే కాదు. కార్లు మరమ్మతుకు వచ్చే సందులో మనుషులు పనిచేస్తూ ఉంటారు కాబట్టి అక్కడ వేగానికి హద్దు ఉంది. ప్రపంచ ప్రసిద్ధమైన ఫార్ములా వన్ పందేలలో గంటకు 300 కిలోమీటర్లు దాటి పోయే కార్లు సైతం ఆ సందులో సాధారణంగా 80 కిలోమీటర్లకు మించి పోరాదట.

ఈ మాట విన్నప్పుడు నాకు మా ఏలూరు వీధులు గుర్తుకు వచ్చాయి. ప్రపంచంలో అందరికంటె వేగంగా కారు నడిపే వారు మనుషులు కనిపించగానే వేగం తగ్గిస్తారు. మన పిల్లలు మస్జిదు ముందు, బడి ముందు, బజారులో మనుషులు కనిపించగానే బండి పెద్ద చప్పుడు చేయిస్తారు.

అల్లుడు మరొక సంగతి చెప్పాడు. ఈ రక్షణ ఏర్పాట్లేవీ మొదటినుంచి ఉన్నవి కావు. 1955లో ఫ్రాన్సులోని లె మాన్ పందెంలో ఒక కారు ప్రేక్షకుల మధ్యకు ఎగిరిపడి 80 మందికి పైగా మరణించారు. 1994లో ఇటలీలోని ఇమోలాలో మూడుసార్లు ప్రపంచ విజేత అయిన అయర్టన్ సెన్నా ప్రాణాలు కోల్పోయాడు. ప్రతి మరణం తర్వాతా వాళ్లు కూర్చుని తమ తప్పు ఎక్కడ ఉన్నదో వెదికారు, నియమాలను మార్చారు. 2018 నుంచి చోదకుని తల చుట్టూ 'హేలో' అనే లోహపు చట్రాన్ని తప్పనిసరి చేశారు. రొమైన్ గ్రోజాన్ అనే చోదకుడు మొదట దానిని వ్యతిరేకించినవాడే. 2020 నవంబరులో బహ్రెయిన్ పందెంలో అతని కారు గోడను చీల్చుకుపోయి మంటల్లో చిక్కుకుంది. దాదాపు 28 సెకన్ల తర్వాత అతను ఆ మంటల్లోనుంచి నడిచి బయటికి వచ్చాడు. తన తలను కాపాడింది తాను వద్దన్న ఆ చట్రమేనని స్వయంగా ఒప్పుకున్నాడు.

మా అబ్బాయి నా వైపు చూశాడు. మేకుకు వ్రేలాడిన ఆ హెల్మెట్ ఇద్దరికీ గుర్తుకు వచ్చిందని నాకు తెలిసింది. ఆ పిల్లవాడు మా వాడికి స్నేహితుడే.

తిరుగు ప్రయాణంలో అల్లుడు తన కారులోనే మమ్మల్ని ఏలూరుకు తీసుకువచ్చాడు. చెన్నై దాటి రెడ్ హిల్స్ తర్వాత షోలవరం వచ్చింది. ఇరుంగాట్టుకోట్టై మైదానం రాకముందు దశాబ్దాల పాటు మద్రాసు పందేలు జరిగింది ఇక్కడేనని, అది కూడా రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల పట్టీయేనని అతను చెప్పాడు. "మన తాడేపల్లిగూడెంలో ఉన్నట్టిదేనా భాయ్?" అని మా వాడు ఆశగా అడిగాడు. అటువంటిదే. ఇంగ్లండులోని సుప్రసిద్ధ సిల్వర్‌స్టోన్ మైదానం కూడా యుద్ధకాలపు విమానాల పట్టీయేనట. 1950లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి పందెం జరిగింది అక్కడే. నేల స్వభావం అన్నిచోట్లా ఒక్కటే. ఒకచోట అనుమతి, నియమం, వైద్యుడు, జెండా ఉన్నాయి. మరొకచోట ఒక పిల్లవాడు, ఒక బండి, ఉదయపు నడకకు వచ్చిన వృద్ధుడు ఉన్నారు.

ఆ ప్రయాణంలోనే నా కుమారునికి బాకీపడిన జవాబు చెప్పాను. పాఠకులకు కూడా అదే విన్నవిస్తాను.

పందెం తనంత తానుగా హరామ్ కాదు. దైవప్రవక్త (స) స్వయంగా గుర్రప్పందేలు నిర్వహించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉల్లేఖనాలు ఉన్నాయి. ఆ ఉల్లేఖనాన్ని శ్రద్ధగా చదవండి. శిక్షణ పొందిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా వరకు ఒక బాట. అది ఐదారు మైళ్ల దూరమని ఉల్లేఖకులు తెలిపారు. శిక్షణ పొందని గుర్రాలకు సనియ్యతుల్ వదా నుంచి బనూ జురైఖ్ వారి మస్జిదు వరకు మరొక బాట. అది సుమారు ఒక మైలు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (ర) ఆ పందెంలో పాల్గొన్నారు. నేను ఈ హదీసును ఎన్నోసార్లు బోధించాను. అందులోని ఏర్పాటును మాత్రం ఆ మైదానంలో కూర్చున్న నాడే సరిగా గమనించాను. మొదలు ఎక్కడో, ముగింపు ఎక్కడో నిర్ణయమై ఉంది. సిద్ధపడిన దానికీ సిద్ధపడని దానికీ ఒకే దూరం పెట్టలేదు. శిక్షణ లేని ప్రాణిపై దాని శక్తికి మించిన భారం మోపలేదు. మరి శిక్షణ లేని మన పదిహేడేళ్ల పిల్లవాణ్ణి లారీలు పోయే జాతీయ రహదారి మీదికి వదిలిపెట్టిన మనం ఏ సున్నతును పాటిస్తున్నాము?

హజ్రత్ ఆయిషా (ర)తో దైవప్రవక్త (స) పరుగుపందెం వేసుకున్నారు. మొదటిసారి ఆమె గెలిచారు. కొన్నేళ్లకు జరిగిన మరొక పందెంలో ఆయన గెలిచి, నాటి గెలుపుకు ఇది బదులని చమత్కరించారు. ఆయన ఒంటె అద్బాను ఏ ఒంటే ఓడించలేకపోయేది. ఒకనాడు ఒక పల్లెవాసి ఎక్కి వచ్చిన ఒంటె దానిని దాటిపోయింది. అనుచరులు నొచ్చుకున్నారు. ఆయన మాత్రం, ఈ లోకంలో పైకెత్తబడిన ప్రతిదానినీ క్రిందికి దించటం అల్లాహ్ నియమమని వారికి బోధపరిచారు. ఆటలో గెలుపును, ఓటమిని ఎలా స్వీకరించాలో ఇంతకంటె చక్కగా ఎవరు నేర్పగలరు?

అయితే హద్దులున్నాయి. పందెంపై జూదం కాయటం నిస్సంశయంగా హరామ్. ఇతరులను నొప్పించటం, భయపెట్టటం హరామ్. మన చేతులతో మనల్ని వినాశంలోకి నెట్టుకోరాదని దివ్యఖుర్ఆన్ వారించింది. దారిలోని ముల్లును తొలగించటం సైతం విశ్వాసపు శాఖలలో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. దారిలో ముల్లు తీయవలసినవాడు దారికే ముల్లయితే అతని విశ్వాసం ఏమవుతుంది? నమాజు మొదలైపోయినా సరే, పరుగెత్తి రావద్దని, నెమ్మదిగా రమ్మని ఆయన ఆదేశించారు. అల్లాహ్ సన్నిధికే పరుగెత్తి రావద్దన్న ధర్మంలో, హోటలుకు చాయ్ త్రాగటానికి ప్రాణాలకు తెగించి పోవటం ఎక్కడిది? ఒంటెను కట్టిన తర్వాతనే అల్లాహ్‌పై భారం వేయమని ఒక వ్యక్తికి ఆయన చెప్పిన మాట తిర్మిజీలో ఉంది. హెల్మెట్ పట్టీ బిగించటం ఈనాటి ఒంటెను కట్టటమే. తవక్కుల్ పేరుతో దానిని మేకుకు తగిలించటం అజ్ఞానం.

లోకపు లెక్క కూడా చెప్పుకోవాలి. 2022 ఒక్క సంవత్సరంలో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలిపింది. వారిలో దాదాపు 70 శాతం మరణాలకు మితిమీరిన వేగమే కారణం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక ఆగేందుకు పట్టే దూరం నాలుగింతలవుతుంది. ఈ లెక్కను అల్లుడు చెప్పగా మా వాడు కాగితం మీద వేసి చూసుకున్నాడు. నా కోపం చేయలేని పనిని ఆ లెక్క చేసింది.

చట్టం సంగతి కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. గేర్లున్న మోటారు సైకిలు నడపటానికి 18 ఏళ్లు నిండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే తండ్రికి లేదా సంరక్షకునికి మూడేళ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు. చట్టం తండ్రిని ఎందుకు పట్టుకుంటున్నది? తాళంచెవి ఇచ్చిన చేయి ఆయనది కాబట్టి. ప్రతి ఒక్కరూ కాపరియే, ప్రతి కాపరీ తన మందను గురించి ప్రశ్నించబడతాడన్న హదీసు మనకు తెలియనిది కాదు.

ఇక మన సమాజపు సిగ్గును గురించి ఒక మాట. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ప్రపంచ పందెం, ఫార్ములా ఇ, జరిగింది. దాని కొరకు నగరంలోని రోడ్లను మూసి, గోడలు కట్టి, నియమాలు పెట్టి పందెం నడిపారు. అదే నగరంలో షబె బరాత్ వంటి రాత్రులలో పోలీసులు ఫ్లైఓవర్లను మూసివేస్తారు. ఎందుకు? మన పిల్లలు వాటిపై బండ్ల పందేలు వేస్తారని. ఆరాధన కోసం మేలుకుంటామని మనం చెప్పుకునే రాత్రి, మన పిల్లలనుంచి ఊరినీ, ఊరినుంచి మన పిల్లలనూ కాపాడటానికి దారులు మూయవలసి వస్తున్నది. ఇది ఇతరులు మనపై వేసిన అపనింద కాదు. మనం మన ఇళ్లలోనుంచి పంపిన సాక్ష్యం.

నా బాల్యం కొల్లేటి ఒడ్డున మేనమామ గారి ఊరిలో కొంతకాలం గడిచింది. వర్షాకాలంలో సరస్సు నిండుగా ఉన్నప్పుడు పిల్లలం తాటిదోనెలతో పందేలు వేసుకునేవాళ్లం. మామూజాన్ ఎన్నడూ వద్దనలేదు. గట్టుమీద నిలబడి రెండు షరతులు మాత్రం పెట్టేవారు. ఈత రానివాడు దోనె ఎక్కకూడదు. జనం దాటే రేవు వైపు, వలలు కట్టిన వైపు దోనె పోకూడదు. పందెం అయ్యేదాకా ఆయన గట్టు దిగేవారు కాదు. చదువు అంతగా లేని ఆ పెద్దమనిషికి తెలిసినది, సనదు పుచ్చుకున్న నాకు తెలియకపోయింది. ఆయన ఆటను ఆపలేదు, ఆటకు గట్టు కట్టారు. ఇప్పుడు ఆ నీటిలో చాలా భాగం చేపల చెరువులయింది. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డు మీద చేపల లారీలు రాత్రింబవళ్లు పరుగెడుతున్నాయి. ఆ రోడ్డు మీద మన పిల్లలకు గట్టుమీద నిలబడే మనిషి లేడు.

చెన్నై నుంచి వచ్చాక నేను చేసిన మొదటి పని ఆ శిష్యుని తండ్రి ఇంటికి వెళ్లటం. "భాయ్, ఆ రోజు నేను మాట్లాడవలసి ఉండింది. మాట్లాడలేదు. నన్ను క్షమించండి" అన్నాను. ఆయన చాలాసేపు నేలవైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత, "మీరు చెప్పినా నేను వినేవాణ్ణో కాదో మౌల్వీ సాబ్. కానీ చెప్పి ఉండవలసింది" అన్నారు. ఇద్దరమూ ఏడ్చాము. లేచి వస్తుంటే ఆయన గోడకున్న ఆ హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టారు. "మీ చిన్నవాడికి ఇవ్వండి" అన్నారు.

ఈ ఏడాది షబె బరాత్‌కు ముందు వచ్చిన జుమా రోజున మా మస్జిదులో ఈ విషయమే మాట్లాడాను. ఆ రాత్రి మగ్రిబ్ నమాజు తర్వాత పిల్లల బండ్ల తాళాలు తండ్రుల జేబుల్లో ఉండాలని, ఉంచుకోలేమనుకునేవారు మస్జిదులో అప్పగించవచ్చని చెప్పాను. పదకొండుమంది తండ్రులు తాళాలు తెచ్చి ఇచ్చారు. అందరికంటె ముందు తెచ్చినది ఎవరో నేను వ్రాయనవసరం లేదు. ఆయన రెండవ కుమారుని బండి తాళం అది. ఖబ్రస్తానుకు పిల్లలందరమూ పెద్దలతో కలసి నడిచి వెళ్లాము. పదకొండు తాళాలు లోకాన్ని మార్చివేస్తాయని నేను అనను. ఆ తాళాలు ఇవ్వని ఇళ్లు కూడా ఉన్నాయి. వచ్చే ఏడాది ఆ ఇళ్లకు ముందుగా వెళ్లాలి.

మహాజ్ఞాని లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశం దివ్యఖుర్ఆన్‌లో ఉంది. అహంకారంతో భూమిపై నడవవద్దని, నడకలో మధ్యేమార్గం అవలంబించమని ఆయన బోధించారు. ఆ ఉపదేశం మొదలయ్యేది "ఓ నా చిట్టి కుమారా" అనే అర్థం వచ్చే ప్రేమపూర్వకమైన పిలుపుతో. నేను ముందు కోపంతో మొదలుపెట్టాను, అందుకే మాట చేరలేదు. పిల్లవాడు దూరమైపోయాక ఊపిన జెండా అతనికి కనిపించదు. ఎదురుగా ఉన్నప్పుడే, వినే దూరంలో ఉన్నప్పుడే, మిఠాయి చేతిలో ఉన్నా సరే, ఊపాలి.

మా వాడికి వచ్చే రజబ్ నాటికి పద్దెనిమిదేళ్లు నిండుతాయి. లైసెన్సు తీసుకున్నాకనే బండి ముట్టుకుంటానని మాట ఇచ్చాడు. ప్రస్తుతానికి సైకిలు మీద వెళ్తున్నాడు. ఆ హెల్మెట్ వాడి గదిలో మేకుకు లేదు, చదువుకునే బల్ల మీద ఉంది. ప్లాస్టిక్ కాగితం వాడే తీసివేశాడు.

అల్లాహ్ మన సంతానాన్ని వారి యౌవనపు ఉద్రేకంనుంచి, మనల్ని మన అనుచిత మౌనంనుంచి కాపాడుగాక! దారులలో ప్రాణాలు కోల్పోయిన మన పిల్లలను తన కారుణ్యపు నీడలో ఉంచి, వారి తల్లిదండ్రులకు సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.